గడ్డకట్టిన నెత్తురు

సుధేష్ణ కూతురు నెలలు నిండకుండా పుట్టింది. పాపకి ఎన్ని వారాలైనా ఆక్సిజన్ తీయడం కుదరలేదు. సుధేష్ణ రోజూ తాముండే స్వోర్డ్స్ అనే ఊళ్ళో బస్సెక్కి, ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని ఆసుపత్రికి వచ్చేది. ఇంక్యుబేటర్ పక్కన కూర్చుని, ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పీక్కుపోయే ఆ చిన్న డొక్కలనే చూస్తుండేది.

సోమవారం డాక్టర్ గిడియన్ పాప మడమ నుంచి నెత్తురు తీయించాడు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల గుండె మీద భారం పడితే నెత్తురులో ఒక పదార్థం పెరుగుతుందట. అది చూస్తే ఆయాసం ఎందుకు తగ్గడం లేదో కొంత తెలుస్తుందన్నాడు. సూది దిగగానే పాప గుక్కపట్టి నీలంగా మారిపోయింది.

మర్నాడు ఫలితం అడిగితే నర్సు "అంతా గ్రాండ్" అంది, అంతా బాగుందని చెప్పడానికి అక్కడివాళ్ళు వాడే మాట. ఆ తర్వాతి రోజూ అదే మాట. గురువారం మళ్ళీ సూది తెచ్చింది.

"మళ్ళీ ఎందుకు?"

"మొదటిది ల్యాబ్‌లో గడ్డకట్టింది."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

నర్సు తల దించుకుంది. "సోమవారమే."

సుధేష్ణకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఇంక్యుబేటర్‌కు అడ్డంగా నిలబడింది. ఆ రోజు తోడొచ్చిన భర్త తేజేశ్వర్ ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

"గొడవెందుకు సుధా? డాక్టరుకి కోపమొస్తే పాపని చూసేదెవరు?"

"నాకొచ్చిన కోపం కోపం కాదా? చెయ్యి వదులు."

గిడియన్ పరుగున వచ్చాడు. "ఇలాంటివి ఒక్కోసారి జరుగుతుంటాయమ్మా..."

"గడ్డకట్టడం జరుగుతుంది. చెప్పకపోవడం జరగదు డాక్టర్, మీరు చేస్తారు! దాని ఒంట్లో ఉన్నదే చిన్న గ్లాసుడు నెత్తురు. అది తీసి పారబోసి, నాకు గ్రాండ్ అని చెబుతారా?"

"తప్పే. క్షమించండి," అన్నాడు గిడియన్.

"సాయంత్రం ఎలాగూ వేరే పరీక్షకు తీస్తారుగా, దాంతోపాటే తీయండి. ఇంకో పోటు వద్దు. ల్యాబ్‌కి మీరే పట్టుకెళ్ళండి."

అతనే పట్టుకెళ్ళాడు. ఆ పదార్థం ఎక్కువగా ఉందని ఫలితం వచ్చింది. స్కాన్ చేస్తే, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళంలో ఒత్తిడి పెరిగిందని తేలింది. ఆ రోజే మందు మొదలుపెట్టారు.

"సోమవారమే తెలిసుంటే?" అడిగింది సుధేష్ణ.

"అప్పుడే మొదలుపెట్టేవాళ్ళం." గిడియన్ చూపు తిప్పుకోలేదు.

వారాలు గడిచేకొద్దీ పాప డొక్కలు ఎగరడం తగ్గింది. ఆక్సిజనూ కొద్దికొద్దిగా తగ్గించారు. ఒక మధ్యాహ్నం పాప సుధేష్ణ రొమ్ము మీద నిద్రపోతుంటే తేజేశ్వర్ మెల్లగా అడిగాడు.

"ఇంకా కోపంగానే ఉందా?"

"ఉంది. నీమీద కూడా," అంది సుధేష్ణ, పాప నిద్ర చెడకుండా.