కడబంతి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. ఇస్త్రీ దుకాణంలో పనిచేసే ఆమెకి ఈ సామెత వింటే ఒళ్లు మండేది. పేదల భోజనశాలలో దగ్గరుండి వడ్డించేది సాక్షాత్తూ ఆమె మొగుడి తోడబుట్టిన అక్క. అయినా మొగుడు రోజూ ఖాళీ కడుపుతోనే ఇల్లు చేరుతున్నాడు. కారణం, అతనికి కడబంతి దొరక్కపోవడమే.

ఇదేం విడ్డూరం అంటే, వదినగారి సంగతి చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అందరికీ టీచరమ్మ. ప్రార్థనామందిరం వెనక రేకుల షెడ్డులో లేనివాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టడం ఆవిడ చలవే. తిట్టుకుందామన్నా వంక దొరకని మనిషి. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేది, మిగలకపోతే మంచినీళ్లు తాగి లేచేది. అలాంటి మనిషికి ఓ రోజు ప్రార్థనలో ఒక మాట తట్టింది: దేవుడి దగ్గర చివరివాడే మొదటివాడు. మర్నాటి నుంచి వరసలో చివరివాళ్ల దగ్గర వడ్డన మొదలుపెట్టింది.

మొదటిరోజు కాళ్లీడ్చుకుంటూ వెనక వచ్చిన ముసలీ ముతకా ముందు తిని దండాలు పెట్టారు. అందరూ ఆహా అన్నారు. కానీ ఆకలి ఎంత మొద్దుదైనా లెక్కలు త్వరగా నేర్చుకుంటుంది. గంట కొట్టగానే షెడ్డు తలుపు మూస్తారు. అప్పుడు గుమ్మం పక్కన ఉన్నవాడే చివరివాడు, అంటే మొదట తినేవాడు. ఇంకేముంది, కండ ఉన్నవాళ్లంతా బయట గోడకి ఆనుకుని సిగరెట్లు కాలుస్తూ కూర్చోవడం, గంట తాడు మీద చెయ్యి పడగానే లోపలికి దూకడం. ఈలోపు చేతకానివాళ్లు కనిపిస్తే మహా మర్యాద. "రా తాతా, పెద్దవాడివి, నువ్వు ముందు" అంటూ నడుం మీద చెయ్యేసి లోపలికి తోసేసేవాళ్లు. వంట ఏనాడూ అందరికీ సరిపోదు. ముందు నిలబడ్డవాళ్ల దాకా వచ్చేసరికి గరిటె అడుగు గీకేది.

అరుగు మీంచి ఇదంతా చూసి టీచరమ్మ కళ్లు ఒత్తుకునేది. "ఒకప్పుడు కుమ్ముకు చచ్చేవాళ్లు. ఇప్పుడు చూడండి, ఒకరికొకరు ఎలా దారి ఇచ్చుకుంటున్నారో" అని వచ్చిన పెద్దమనుషులకి చూపించేది.

ఇస్త్రీ చేసే ఆమె మొగుడు లారీ డ్రైవరు. ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రిలో పడి, ఎముకల గూడై బయటికొచ్చాడు. కడుపునిండా తిన్నాకే మందులు వేసుకోవాలి, లేదంటే ఆ మందులే మనిషిని తినేస్తాయి అన్నాడు డాక్టరు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఒక్క పూటే. మధ్యాహ్నం ముద్ద భోజనశాలలో దొరకాలి, లేదా మనిషి దక్కడు. ఆ ముద్ద కోసమే అతను కర్ర పట్టుకుని వెళ్లేవాడు. "జబ్బు మనిషివి అన్నా, నువ్వు ముందు" అని అతన్నీ గౌరవించి పంపేవాళ్లు.

అడగందే అమ్మయినా పెట్టదు కదా అని ఓ సాయంత్రం ఆమె వదిన దగ్గరికి వెళ్లింది.

"వదినా, మీ తమ్ముడికి ఒక్క గిన్నె పక్కన పెట్టించండి. మీకు పుణ్యముంటుంది."

"తమ్ముడని పెడితే రేపు ఆ జనం మొహం ఎలా చూడను? అక్కడ నాకు తమ్ముళ్లు లేరమ్మాయ్. అందరూ దేవుడి బిడ్డలే."

"బలమున్నవాళ్లు కావాలనే వెనక ఉంటున్నారు వదినా. లేనివాళ్లకి మెతుకు మిగలట్లేదు."

"కావాలనే ఉంటున్నారు. అదే కదా వినయమంటే!" టీచరమ్మ మరదలి చెయ్యి పట్టుకుంది. "మనవాడికే ఇంకా రాలేదు. చిన్నప్పట్నుంచీ అంతే, అన్నిటికీ ముందే దూకేవాడు. వాడి కోసం రోజూ మోకాళ్ల మీద ఏడుస్తున్నానే."

నిజంగానే ఏడుస్తోంది. దొంగ ఏడుపైతే బాగుండేది, నాలుగు దులిపేసి వచ్చేది. చెయ్యి విడిపించుకుని ఇంటికొచ్చింది.

మర్నాడు దుకాణంలో జ్వరమని చెప్పి మొగుడితో పాటు తనూ వెళ్లింది. అతని నడుం గట్టిగా పట్టుకుని గోడవారన నిలబడింది. మగాళ్లు నవ్వారు. "ఏంటక్కా, మాతో పోటీకొచ్చావా?"

దూకడం మొగుడి వల్ల కాదు. ఎటూ దూకలేనివాడికి ఉన్న చోటు ఒక్కటే, గుమ్మం కొయ్య. దాన్ని పట్టుకుని వేలాడితే ఎవరూ సులువుగా తోయలేరు. కానీ దాన్ని అప్పటికే ఒక గుడ్డి అవ్వ రెండు చేతులా వాటేసుకుని ఉంది. పొద్దున్నే వచ్చి పట్టుకున్నట్టుంది, మెటికలు తెల్లబడ్డాయి.

గంట తాడు మీద చెయ్యి పడింది.

"రా అవ్వా," అంది ఆమె తేనెలొలికే గొంతుతో, "పెద్దదానివి, నువ్వు ముందు."

అవ్వ వేళ్లు బిగించింది. ఆమె ఒక్కొక్క వేలే విడదీసింది. ఎండుపుల్లల్లాంటి వేళ్లు, ఎంత బలమో వాటికి! విడదీసి, భుజాలు పట్టి లోపలికి నడిపించి, మొగుణ్ణి గుమ్మం లోపల కొయ్యకి ఆనించి, తనూ పక్కన నిలబడింది. తలుపు మూసుకుంది.

"వేళ్లు వెచ్చగా ఉన్నాయి," అంది అవ్వ వరస ముందు నుంచి, ఎవరితోనో తెలియకుండా. "కాయలు కాశాయి. కష్టం తెలిసిన చెయ్యేనే తల్లీ ఇది."

ఆమెకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కానీ మొగుడి గిన్నెలో పొగలు కక్కే అన్నం పడింది. అతను తలెత్తకుండా తిన్నాడు, వేళ్లు నాకాడు, మళ్లీ పెట్టించుకున్నాడు. అవతలి చివర గరిటె అడుగు గీకింది.

టీచరమ్మ పరుగున వచ్చి మరదల్ని కౌగిలించుకుంది. "చూశారా! కట్టుకున్నవాణ్ణి వెనక ఉంచి, గుడ్డి అవ్వని ముందు పంపింది. రేపట్నుంచి గుమ్మం దగ్గర నువ్వే ఉండాలమ్మాయ్. నీ భోజనం కూడా ఇక్కడే."

గోడవారన కూర్చునే మగాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని ముసిముసిగా నవ్వారు. నిజం చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. మొగుడు మంచినీళ్లు తాగి మాత్ర వేసుకుంటున్నాడు. నోరు మూసుకుంది.

ఇస్త్రీ పని మానేసింది. రోజూ గుమ్మం దగ్గర నిలబడేది. రోజూ అవ్వ ఇంకాస్త పెందలాడే వచ్చి కొయ్యని పట్టుకునేది, రోజూ ఆమె విడదీసేది. మొగుడి బుగ్గలు నిండుతున్న కొద్దీ అవ్వ వేళ్లు సులువుగా ఊడి వచ్చేవి.

ఓ రోజు అవ్వ రాలేదు. ఇక రాదని మూడోనాడు తెలిసింది. టీచరమ్మ అందరినీ నిలబెట్టి ప్రార్థన చేయించింది. "మంచి మనిషే పాపం," అంది కన్నీళ్లు తుడుచుకుంటూ, "కానీ ఎప్పుడూ ముందే నిలబడేది. ఆఖరికి పోవడంలోనూ తొందరే."

అందరితో పాటు ఆమె కూడా తల వంచింది. తలెత్తేసరికి గుమ్మం కొయ్య పట్టుకుని ఎవరో కొత్త ముసలాయన వణుకుతున్నాడు. మొగుడు ఆయన వెనకే నిలబడి పెళ్లాం వైపు చూస్తున్నాడు.

గంట తాడు మీద చెయ్యి పడింది.

"రా తాతా," అంది ఆమె, "పెద్దవాడివి, నువ్వు ముందు."