అరవై ఐదు అంటే రాలేదని కాదు

పోచంపల్లి మందుల కేంద్రంలో మిషన్ సరిగా నడవడం లేదని ఫోన్ వస్తే, చూసి రమ్మని కమలాకర్ మెర్సీని పంపాడు.

నల్గొండలో ఒక బట్టల దుకాణం పైన, ఏడుగురు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు కమలాకర్‌ది. మెర్సీ అందులో చేరి నాలుగు నెలలైంది. నార్కట్‌పల్లి పక్క ఊరు ఆమెది. తండ్రి సోమన్న తాపీమేస్త్రీ, తల్లి పత్తి ఏరడానికి పోతుంది. వాళ్ల వాడలో కంప్యూటర్ చదువు చదివిన మొదటి ఆడపిల్ల ఆమే.

ఒక ట్రస్టు పదకొండు చోట్ల కేంద్రాలు పెట్టి బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నెలనెలా ఉచితంగా గోలీలు ఇస్తుంది. మనిషి వచ్చి కార్డు నంబరు చెప్పి వేలు పెడితే మిషన్ చీటీ ఇస్తుంది. చీటీ ఉంటేనే గోలీలు. మిషన్లో నడిచే ప్రోగ్రాములన్నీ కమలాకర్ ఆఫీసువే.

మెర్సీ బస్సు దిగి వెళ్లేసరికి కేంద్రం ముందు ముప్పై మంది దాకా వరుసలో ఉన్నారు. లోపల రూప ఒక్కతే. నంబరు కొట్టేది, వేలు పెట్టించేది, గోలీలు లెక్కపెట్టి ఇచ్చేది అంతా ఆమే. మెర్సీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

కాసేపటికి ఈదమ్మ వంతు వచ్చింది. నలభై ఏళ్లుగా నూలుకు రంగులద్దిన మనిషి. రంగునీళ్లలో నాని నాని ఆమె వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. చూపుడు వేలు పెట్టింది. మిషన్ కీచుమంది. బొటనవేలు పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. నాలుగోసారికి తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏమంటాంది బిడ్డా?" అని అడిగింది ఈదమ్మ.

"రాలేదంటాంది అవ్వా," అంది రూప తలెత్తకుండా.

"ఏం రాలే?"

"నువ్వు."

ఈదమ్మ బల్లమీదికి వంగి తెరకేసి చూసింది. ఆమెకు చదువు రాదు. "నేను రాకపోతే గీడ నిలబడ్డదెవరు?"

వరుసలో ఎవరో నవ్వారు. ఈదమ్మ నవ్వలేదు.

"పోయిన నెల గిట్లనే అన్నది. అంతకుముందు నెల గిట్లనే. ఉన్న గోలీలు సగం సగం ఇరుసుకుని మింగుతున్న. పొద్దున లేస్తే కండ్లు తిరుగుతున్నయ్."

రూప మెర్సీ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మూడు నెలలు వరుసగ రాలేదని పడితే పేరు తీసేస్తరు మేడం. ఈమెది గిది మూడోది."

మెర్సీ తెరను తన వైపు తిప్పుకుంది. 'రాలేదు' అన్న మాట కింద, మూలకు, చిన్నగా ఒక అంకె ఉంది. 65.

ప్రతి ప్రోగ్రామూ తన పని ముగించి పోయేటప్పుడు, తనను నడిపిన ప్రోగ్రాముకు ఒక అంకె చెప్పిపోతుంది. సున్నా అంటే పని అయింది. ఇంకేదైనా అంటే కాలేదు. ఎందుకు కాలేదో కూడా తెలియాలని, వెనకటి రోజుల్లో సిస్టం ప్రోగ్రాములు రాసినవాళ్లు అరవై నాలుగు నుంచి డెబ్బై ఎనిమిది దాకా ఒక్కో అంకెకు ఒక్కో కారణం పెట్టుకున్నారు. అరవై ఐదంటే లోపలికి అందిన సమాచారం పనికిరాలేదు. అరవై తొమ్మిదంటే కావలసిన సర్వర్ లాంటిది అందుబాటులో లేదు. డెబ్బై ఐదంటే ఇప్పటికి కుదరలేదు, కాసేపాగి మళ్లీ చూడు. ఆ పట్టిక మెర్సీకి కాలేజీ రోజుల నుంచే నోటికి వచ్చు. మనిషి రాలేదని చెప్పే అంకె అందులో ఒక్కటీ లేదు.

"గోలీలు ఇయ్యి అక్కా," అంది రూపతో.

"చీటీ లేకుండ ఇస్తే నా కొలువు పోతది."

మెర్సీ తన నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి రాసింది: 'ఈదమ్మ వచ్చింది. నేను చూశాను. ఆమె వేలిముద్రను మిషన్ చదవలేకపోయింది.' కింద సంతకం పెట్టి ఫోన్ నంబరు వేసింది.

"ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు. నేను బలవంతంగ ఇప్పిచ్చిన్నని చెప్పు."

రూప ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత లేచి అలమర తెరిచింది.

మర్నాడు ఆఫీసులో మెర్సీ నాలుగు నెలల రికార్డులు ముందేసుకుంది. పదకొండు కేంద్రాల్లో కలిపి పద్దెనిమిది వందల నలభై ఆరుసార్లు 'రాలేదు' అని పడింది. వాటి వెనక ఏ అంకె ఉందో చూసింది. పన్నెండు వందల మూడు అరవై ఐదులు. నాలుగు వందల ఎనభై ఎనిమిది అరవై తొమ్మిదులు. మిగిలినవన్నీ డెబ్బై ఐదులు. వేలిముద్ర చదివే ప్రోగ్రాము ప్రతిసారీ అసలు కారణం చెప్పే పోయింది. దాన్ని నడిపే పై ప్రోగ్రాములో ఎవరో ఒక్క లైను రాశారు: సున్నా అయితే 'ఇచ్చాం', సున్నా కాకపోతే 'రాలేదు'.

ఆమె కమలాకర్ గదిలోకి వెళ్లింది. "గీ లైను ఎవరు రాసిండ్రు సార్?"

ఆయన దాచలేదు. "నేనే. తలుపు దగ్గరికెయ్యి."

మెర్సీ తలుపు వేయలేదు.

"చూడు బిడ్డా," అన్నాడు కమలాకర్. "నూటికి తొంభై ఎనిమిది సార్లు మిషన్ పనిచేయాలని అగ్రిమెంటుల ఉన్నది. ఉన్నదున్నట్టు రాస్తే డెబ్బై కూడ దాటుడు కష్టం. వచ్చే నెల కాంట్రాక్టు మళ్ల రాసుకునేదున్నది. మనం ఏడుగురం దీనిమీదనే బతుకుతున్నం. మనిషి రాలేదని రాస్తే మిషన్‌కు మాట రాదు, మనకు మాట రాదు. ఎవలకు నష్టం?"

"రానోళ్ల కోసం ప్రోగ్రాం నడవనే నడవదు సార్. ఎవరో ఒకరు వచ్చి, నంబరు చెప్పి, వేలు పెడితేనే అది నడుస్తది. మీరు రాలేదని రాసిన పద్దెనిమిది వందల నలభై ఆరుసార్లు ఒక మనిషి వచ్చింది. ఎండల నిలబడి వట్టి చేతులతోటి పోయింది."

కమలాకర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. తిట్టే మనిషి కాదు. తెలిసినవాళ్లెవరూ లేని మెర్సీకి పరీక్ష పెట్టి, మార్కులు చూసి, అదే రోజు పని ఇచ్చింది ఆయనే. అదంతా ఆమెకు గుర్తుంది. గుర్తుండబట్టే నిలబడటం కష్టంగా ఉంది.

"కాంట్రాక్టు కానియ్యి. తర్వాత సక్కజేద్దం," అన్నాడు. "ఈలోపల ఈ నెల తీసేసే పేర్ల లిస్టు నువ్వే పంపాలె. సాయంత్రం వరకు పంపు."

"పంప సార్."

"ఏందీ?"

"ఆ లిస్టు నేను తీయ. ఎవరితోటన్న తీపిస్తే, అది అబద్ధమని రాసి ట్రస్టుకు మెయిలు పెడ్త."

ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే రేపటి సంది రాకు," అన్నాడు చివరికి.

ఇంటికొచ్చి చెబితే సోమన్న ఒక్కమాటే అడిగాడు. "నువ్వేమన్న తప్పు జేసినవా?"

"చేయలే బాపు."

"అయితే కాళ్లు కడుక్కో. తిందాం."

మెర్సీ ట్రస్టుకు మెయిలు పంపింది. జవాబు రాలేదు. లిస్టు ఇంకెవరో తీసి పంపారు. తొంభై నాలుగు పేర్లు పోయాయి. అందులో ఈదమ్మ పేరుందని రూప ఫోన్ చేసి చెప్పింది. మెర్సీ రాసిచ్చిన కాగితం కంప్యూటర్ లెక్కలోకి రాలేదు.

అప్పుడు మెర్సీ పదకొండు కేంద్రాలకూ ఒక్కొక్కటిగా ఫోన్ చేసింది. అందరికీ ఒకటే చెప్పింది. "తెరమీద పెద్దగ రాసింది చదవకుండ్రి. కింద మూలకు అంకె ఉంటది, అది చూడుండ్రి. అరవై ఐదు పడితే ముద్ర అందలేదు. అరవై తొమ్మిది పడితే సర్వర్ లేదు. డెబ్బై ఐదు పడితే పావుగంట ఆపి మళ్ల పెట్టియ్యుండ్రి. పేరు, టైం, అంకె రిజిస్టరుల రాసి, వచ్చినోళ్ల తోటి నిశాని ఏపిచ్చుకోండ్రి."

నార్కట్‌పల్లి కేంద్రం చూసే ఐలేశం, "నాకెందుకమ్మా గీ లొల్లి," అని ఫోన్ పెట్టేశాడు. నాలుగు రోజులకు ఆయనే చేశాడు. "మా తాన అరవై తొమ్మిదులే పడుతున్నయ్. పొద్దున పదకొండు గంటలు కొట్టంగనే సర్వర్ పడిపోతాంది. ఇన్ని రోజులు నేను మనుషుల మీద ఒర్రిన."

మెల్లగా అంకెలు వరుసల్లోకి పాకాయి. చదువు రానివాళ్లు కూడా తమ అంకె అడిగి తెలుసుకుని పోయారు. డెబ్బై ఐదు పడినవాళ్లు ఇంటికి పోకుండా అరుగుమీద కూర్చున్నారు. మళ్లీ పెడితే చాలామందికి చీటీ వచ్చింది.

ఇరవై రోజులు తిరిగేసరికి ట్రస్టు పెద్ద డాక్టర్ దశరథ్ పోచంపల్లికి తనిఖీకి బయలుదేరాడు. రూప కబురు చేస్తే మెర్సీ వచ్చి, లోపలికి పోకుండా వరుసలో నిలబడింది. డాక్టర్ వెంట కమలాకర్ కూడా వచ్చాడు.

డాక్టర్ బల్లమీది రిజిస్టరు తిరగేశాడు. "ఇది ఎవరు పెట్టమన్నరు?"

రూప వరుసకేసి చూసింది. వరుసలోంచి మెర్సీ ముందుకొచ్చింది. "నేను సార్, మెర్సీని."

"నువ్వు ఇప్పుడు వీళ్ల ఆఫీసుల లేవని కమలాకర్ చెప్పిండు."

"లేను సార్. కొలువు పోయినంక మీకు మెయిలు రాస్తే మీరు చూడలే."

కమలాకర్ తల దించుకున్నాడు. డాక్టర్ ముఖం ఎర్రబడింది. ఆయన ఏదో అనబోయేంతలో ఈదమ్మ బల్ల దగ్గరికొచ్చి రెండు చేతులూ చాచి చూపింది.

"నా పేరు కొట్టేసిండ్రట సారూ, రాలేదని. మూడు నెలలు వచ్చిన. నాది అరవై ఐదు. నా వేళ్లు అరిగినయ్, నేను రాకపోవుడు కాదు. రాసుకో."

"నాది అరవై తొమ్మిది," అంది వెనకనుంచి ఇంకొకామె.

"నాదీ అరవై ఐదే. రెండు నెలల సంది."

ఎవరూ అరవలేదు. ఒకరి తర్వాత ఒకరు తమ అంకె చెప్పారు. డాక్టర్ ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చూశాడు. తర్వాత కమలాకర్ వైపు తిరిగాడు.

"ఈ అంకెలు నాకొచ్చే రిపోర్టుల ఎందుకు లేవు?"

కమలాకర్ ఒకసారి మెర్సీకేసి చూశాడు. "నేనే తీసేసిన సార్," అన్నాడు. "ఆ పిల్ల చెప్తున్నది నిజం. వచ్చినోళ్లనే రాలేదని రాసినం."

తొంభై నాలుగు పేర్లూ ఆ వారంలోనే మళ్లీ ఎక్కాయి. వేలు అందనివాళ్లకు కార్డుమీది ఫొటో చూసి ఇవ్వమని డాక్టర్ ఆర్డరు ఇచ్చాడు. తర్వాతి నెల రిపోర్టులో మిషన్ పనితనం నూటికి డెబ్బై ఒకటి అని అచ్చయింది. మూడేళ్ల గడువుతో రావలసిన కాంట్రాక్టు ఆరు నెలల గడువుతోనే వచ్చింది. మెర్సీ వల్లే ఇట్లా అయిందని ఆఫీసులో ఇద్దరు బాహాటంగానే అన్నారు.

కమలాకర్ ఆమెకు ఫోన్ చేసి ఆ మాట కూడా చెప్పాడు. "ఆరు నెలల్ల ఈ మిషన్‌ను సక్కజేయాలె. నువ్వు లేకుంటే కాదు. సోమవారం నుంచి రా."

"వస్త సార్."

"ఒక్క మాట. ఇకమీద నాకు చెప్పకుండ కేంద్రాలకు ఫోన్లు చేయొద్దు."

"మీకు చెప్పే చేస్త సార్," అంది మెర్సీ.