ఎక్స్‌రేలో సన్నటి గీత

గుండె ఆపరేషన్ అయి ఏడాది గడిచినా బస్సు డ్రైవరుకి దగ్గు తగ్గలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. దొంగచాటుగా సిగరెట్లు కాలుస్తున్నాడని భార్య అనుమానం. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆయన డ్యూటీ దిగి రాగానే చొక్కా కాలరు పట్టుకుని వాసన చూసేది.

"నీ మీద ఒట్టే, ముట్టుకోలేదు" అనేవాడు.

"నా మీద ఒట్లు పెట్టి పెట్టి నన్ను చంపేసేలా ఉన్నారు!"

దగ్గుకి జ్వరం కూడా తోడయ్యేసరికి ఆమె ఆయన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, తెర మీద చూపించింది. రొమ్ము ఎముక పొడవునా వరసగా చిన్న చిన్న తీగ ముడులు.

"ఇవి ఆపరేషన్లో ఎముకకి వేసిన కుట్లు. భయపడకండి."

భార్య కళ్లజోడు సర్దుకుని దగ్గరికి జరిగింది. ముడులన్నీ సమానమైన ఎడంతో ముచ్చటగా ఉన్నాయి. వాటికి ఓ పక్కగా ఇంకో సన్నటి గీత మెలికలు తిరిగి ఉంది.

"మరి ఇదేంటి డాక్టరమ్మా? అంత చక్కగా కుట్టినాయన ఇక్కడెందుకు దారం ఉండచుట్టి వదిలేస్తాడు?"

నవ్వబోయిన డాక్టరమ్మ ఆగిపోయింది. వంగి చూసి, వెంటనే ఫోనందుకుంది.

స్కానింగులో విషయం తేలింది. అది ఆపరేషన్లో రక్తం తుడిచే గుడ్డ. పొరపాటున లోపల ఉండిపోతే ఎక్స్‌రేలో కనపడాలనే అందులో అలా గీతలా కనిపించే దారం పెడతారట. గుడ్డ చుట్టూ చీము పట్టి ఊపిరితిత్తిని నొక్కేస్తోంది.

మళ్లీ ఆపరేషన్ చేసి తీసేశారు. మొదట ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు మూడో రోజున వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"గుడ్డల లెక్క సరిపోయిందనుకున్నాం. నేనే ఇంకోసారి చూసుకోవాల్సింది. తప్పు నాదే."

ఆమె నోటిదాకా వచ్చిన తిట్లు ఆయన ముఖం చూశాక బయటికి రాలేదు.

"ఇంకెవరికీ ఇలా కానివ్వకండి" అంది.

ఆయన వెళ్లాక భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "ఏడాదిపాటు మిమ్మల్ని దొంగని చూసినట్టు చూశాను."

"నువ్వు చూడబట్టే కదే బతికాను. ఊరుకో."

మూడు నెలలకి డాక్టర్లు సరేనన్నాక ఆయన మళ్లీ బస్సెక్కాడు. ఆమె కూడా ఎక్కి, సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చుంది.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదు. మీరు పోనివ్వండి."