చలి తగిలిన పెట్టెలు

"నువ్వే పెట్టెల మూతలు తీసి ఉంచి ఈగలకి చలి తగలనిచ్చావని రాసెయ్ డోర్కాస్. నీకొచ్చిన నష్టమేముంది?" అన్నాడు ఆంబ్రోస్ పెనెల్, ఉడికిన గుడ్డు నెత్తిమీద చెంచాతో కొడుతూ.

రొట్టె కోస్తున్న డోర్కాస్ చేతిలో కత్తి ఆగింది.

నష్టమేముందట! నిన్న పొద్దున్న తోటలోని పదకొండు తేనెపెట్టెలూ తెరిచి చూసింది తనే. నాలుగింటిలో పిల్లపురుగులు అరల్లోనే కుళ్ళిపోయి ఉన్నాయి. పుల్లతో లాగితే గోధుమరంగు జిగురు తీగలా సాగింది. వడ్రంగి జిగురు కాచినప్పటి కంపు. అది పెట్టె నుంచి పెట్టెకి అంటుకునే కుళ్ళు తెగులు. చలికి చచ్చిన పురుగు అలా సాగదు. ఆ తేడా ఏమిటో జిల్లా తేనెటీగల సంఘం పత్రికలో మూడుసార్లు రాసింది కూడా తనే. మూడుసార్లూ కింద "సంపాదకుడు, ఎ. పెనెల్" అని అచ్చయింది. సంఘానికి కార్యదర్శి ఆయన, పత్రికకు సంపాదకుడు ఆయన. పాఠకుల ఉత్తరాలకు జవాబులు, ప్రూఫులు, చిరునామా చీటీలు అతికించడం మాత్రం ఏడేళ్ళుగా ఈమె. పూల ప్రదర్శనలో గుడారం వేసి ఆయన ఉపన్యాసం దంచుతుంటే, పక్కన ముసుగేసుకుని గూడుగా అల్లిన గడ్డిబుట్టలోంచి తేనెటీగల్ని తోలి చూపించేదీ ఈమే. "మా ఆవిడకీ కాస్త తెలుసు లెండి" అనేవాడాయన. జనం చప్పట్లు కొట్టేవారు, ఆయనకి! సంఘంలో ఆడవాళ్ళకి ఓటు లేదు. వార్షిక సమావేశంలో టీ పోసే హక్కు మాత్రం పుష్కలంగా ఉంది.

"ఈగల గుంపులు అమ్ముతామని ప్రకటన వేశాం. కార్యదర్శి తోటలోనే తెగులంటే తలెత్తుకోగలనా? ఆడమనిషి అజాగ్రత్త అంటే అందరూ నవ్వుకుని ఊరుకుంటారు."

"కొన్నవాళ్ళ పెట్టెలన్నీ తుడిచిపెట్టుకుపోతాయండీ. కెజయా టక్ ఉత్తరం రాసింది. మొగుడు పోయిన మనిషి, ఆరు తేనెబుట్టల మీదే బతుకుతోంది. మన దగ్గర ఓ గుంపు కొనుక్కోనా అని అడుగుతోంది."

"కొనుక్కోమను."

"మొగుడి పరువు కోసం ఓ ముక్క రాస్తే చేతులు అరిగిపోవులే అమ్మాయ్," అంది అత్తగారు కప్పు ముందుకు చాపుతూ. డోర్కాస్ టీ పోసింది.

ఇన్నేళ్ళూ తన తెలివి ఆయన పేరుతో ఊరూరా తిరిగింది, సరే. ఇప్పుడు తొలిసారి తన పేరు అచ్చులో పడబోతోంది, చేయని తప్పుకి. ఆ తప్పు తన చేత్తోనే రాయాలి, తనే ప్రూఫు దిద్దాలి. అది నమ్మి ఆ విధవరాలు తెగులు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళాలి. ఇంత సిగ్గులేనితనాన్ని పరువంటారు కాబోలు ఈ ఇంట్లో.

బల్ల తుడిచి, కూర్చుని రాసింది. ఆంబ్రోస్ ఎప్పటిలాగే చదవలేదు. గడియారం చూసుకుని బయటికి నడుస్తూ, "అచ్చాఫీసులో నువ్వే ఇచ్చిరా" అన్నాడు.

అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే గ్రిబుల్ ముసలాయన కాగితం కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, పెదాలు కదుపుతూ చదివాడు.

"మా తోటలో కుళ్ళు తెగులు పుట్టింది. చలి కాదు. తెగులు పట్టిన పెట్టెలు తగలబెట్టాను. మా దగ్గర ఎవరూ ఈగలు కొనవద్దు. శ్రీమతి టక్, ముఖ్యంగా మీరు."

"తగలబెట్టేశారా?"

"ఇక్కడికి వచ్చే ముందే. కిరసనాయిలు పోసి."

"అయ్యగారు చూశారా తల్లీ ఇది?"

"ఆయన ఎన్నడు చూశారు గనక?"

గ్రిబుల్ నవ్వలేదు. ఏడేళ్ళుగా తను పేరుస్తున్న చేతిరాత ఎవరిదో ఆయనకి తెలుసు. పేర్చే పలక చేతికి తీసుకున్నాడు.

"కింద ఎవరి పేరు వెయ్యమంటారు?"

"డోర్కాస్ పెనెల్, సంపాదకురాలు," అంది ఆమె. "అక్షరాలు చాలకపోతే ఆయన పేరు విప్పేసి వాడుకోండి."