అరవై దగ్గర ఆగిన మానిటర్

మా కోడలు కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడుతుంది. సరదాకి కాదు, ఒక జట్టు తరఫున. పాత తెర మీద శత్రువు కనిపించేసరికే ఆమె చచ్చి పడి ఉండేది. ఆదివారం మ్యాచ్‌లోనూ ఇంతే అయితే జట్టులోంచి తీసేస్తామని కెప్టెన్ తేల్చి చెప్పాడు. అందుకే సెకనుకు నూట నలభై నాలుగుసార్లు బొమ్మ మార్చే మానిటర్ కొనుక్కుంది.

ఆదివారం భోజనాలు కాగానే బిగింపు మొదలైంది. నేను సూచనల కాగితం చదువుతున్నాను. మా అక్కయ్య ఒక్కొక్క వస్తువూ అందిస్తోంది. కోడలు బల్ల కింద దూరి వైర్లు తగిలించింది. తెర వెలిగింది. నేను చప్పట్లు కూడా కొట్టాను.

"ఆగండి మామయ్యా. సెట్టింగ్స్‌లో అరవై హెర్ట్జే ఉంది. నూట నలభై నాలుగు ఊసే లేదు."

"ఓసారి ఆపి మళ్లీ వెయ్యమ్మా."

నా చదువంతా అక్కడితో సరి. ఆపి వేసినా అరవయ్యే.

"జట్టువాళ్లంతా ఆటలోకి వచ్చేశారు. అయిపోయింది నా పని," అంది కోడలు. మళ్లీ బల్ల కిందికి దూరి, వెంటనే అరిచింది. "ఇది పాత కేబులు! అరవైకి మించి మొయ్యదు. మానిటర్‌తో వచ్చిన కొత్తదేదీ?"

"బీరువాలో పెట్టాను," అంది అక్కయ్య నింపాదిగా. "పాతది శుభ్రంగా ఉందిగా. కొత్తవన్నీ ఒకేసారి వాడి పారేస్తామా?"

మా ఆవిడ పోయాక బీరువా తాళాలు అక్కయ్య చేతికొచ్చాయి. అప్పట్నుంచి కొత్త దుప్పట్లూ, సబ్బులూ వెలుగు చూడలేదు. మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి కదా అని నేనా మాట ఎత్తను.

"పెద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను, తెండి!"

కొత్త కేబులు తగిలించగానే నూట నలభై నాలుగు కనిపించింది. కోడలు దాన్ని ఎంచుకుని ఆటలోకి దూకింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కయ్యకు అన్నీ అర్థమయ్యాయి.

"ఆ గోడ వెనక ఒకడు నక్కాడే, దొంగ వెధవ!"

"చూశాను పెద్దమ్మా!"

వాడు పడ్డాడు. వాడి వెనకాలవాడూ పడ్డాడు. చివరికి కోడలు హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపింది. "జట్టులో ఉండమన్నారు మామయ్యా," అని, అలాగే అక్కయ్య భుజం మీద తల వాల్చేసింది.

అక్కయ్య భుజం కదపలేదు. నా మీద మాత్రం కళ్లెర్రజేసింది.

"గుడ్లప్పగించి చూస్తావేంరా? పిల్లకి మంచినీళ్లు తే!"