గీకేసిన ఊరు

రోఫ్రిద్ తోలు పుటను వెలుతురుకెత్తి చూశాడు. నిన్నటిదాకా ఉన్న వాక్యం లేదు. అక్కడ తోలు పల్చబడి నూగు లేచింది. ఎవరో కత్తితో గీకి, గరుకు రాయితో రుద్దారు.

బయట్నుంచి వచ్చి ఈ నేలను గెలుచుకున్న నార్మన్ ప్రభువుల చరిత్ర అది. క్రైస్తవ మఠం రాయిస్తోంది, అందులో సన్యాసి రోఫ్రిద్ రాస్తున్నాడు. ఏ ప్రభువు ఏ పొలం దానమిచ్చాడో, ఏ గుడికి గంట పోయించాడో పుటలకి పుటలు. ఆ పొలం ఎవర్ని తరిమి లాక్కున్నాడో ఒక్క ముక్క ఉండదు. రోఫ్రిద్ ఒకే ఒక్క వాక్యం ఇరికించాడు. ఇప్పటి ప్రభువు తుర్గిస్ వాళ్ళ నాన్న, సెర్రాల్బా అనే ఊరిని మనుషులతో సహా తగలబెట్టించాడని. అది రోఫ్రిద్ సొంతూరు. ధాన్యపు కొట్టులో కాలిపోయినవాళ్ళలో అతని అక్క ఉంది. ఆ వాక్యం తప్ప ఆమెకి వేరే సమాధి లేదు.

వచ్చే పండక్కి తుర్గిస్ మఠానికి వస్తున్నాడు. భోజనశాలలో అతనికి ఈ పుస్తకమే చదివి వినిపిస్తారు.

పక్క బల్ల ఓస్‌బెర్న్‌ది. అతను నార్మన్ జాతివాడు. ఒకప్పటి సైనికుడు, ముసలితనంలో మఠంలో చేరాడు. రాతగదిలో మాట్లాడకూడదు, అన్నీ సైగలే. రోఫ్రిద్ గీకిన చోటు చూపించి ‘ఎవరు?’ అని చెయ్యి తిప్పాడు. ఓస్‌బెర్న్ తల దించుకుని కలం చెక్కుకుంటున్నాడు. అతని వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి. సుద్ద కావచ్చు. కాకపోనూవచ్చు.

వంటగదిలో నోరు విప్పొచ్చు. వంట చూసే మాయో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

“ఇంకా అనుమానమేంట్రా? వాడి జాతి మచ్చ వాడు తుడుచుకున్నాడు.”

“నువ్వు చూశావా?”

“చూడాలా? నిన్న పెద్దాయన గదిలోంచి వస్తూ కనిపించాడు. నన్నెప్పుడన్నా పిలిచాడా పెద్దాయన? పులుసులో ఉప్పెక్కువైనప్పుడు తప్ప!”

“మఠాధిపతికేం పని దీంతో?”

“కొత్త గోపురానికి సున్నం ఎవడి బట్టీ నుంచొస్తోంది? తుర్గిస్ బట్టీ నుంచే. నేనేం అన్లేదు బాబూ. చిక్కుళ్ళు ఒలుచుకుంటున్నా, అంతే.”

రోఫ్రిద్‌కి మొదటి సగమే చెవికెక్కింది. నార్మన్ అన్న మాట చాలు, మిగతాది కోపం పూరించేసింది.

రోజూ పొద్దున మఠంలో తప్పుల సభ జరుగుతుంది. ఎవరి తప్పునైనా ఎవరైనా లేచి చెప్పొచ్చు. మర్నాడు రోఫ్రిద్ లేచాడు.

“తండ్రీ, ఓస్‌బెర్న్ అన్న పుస్తకంలో వాక్యం గీకేశాడు.”

తప్పు మోపినప్పుడు కాదనకూడదు. వివరం చెప్పకూడదు. ఇంకొకరి పేరు ఎత్తకూడదు. ఓస్‌బెర్న్ మోకాళ్ళు పటపటమంటుండగా నేల మీద బోర్లా పడుకున్నాడు.

“నాదే తప్పు.”

“సరే. కొన్నాళ్ళు రొట్టే నీళ్ళే,” అన్నాడు మఠాధిపతి గ్వాయ్‌ఫేర్. “తర్వాత ఎవరు?”

ఏ వాక్యమని అడగలేదు. ఎందుకు గీకావనీ అడగలేదు. ముందే తెలిసినవాడికి అడిగే పనేముంది? రోఫ్రిద్‌కి అప్పుడు వెలిగింది. గీకమన్నదెవరో చెప్పగలిగింది ఈ మఠంలో ఒక్క నోరే. దాన్ని సభ సాక్షిగా తనే కుట్టేశాడు.

“ఇంకో తప్పుంది తండ్రీ,” నేల మీంచే అన్నాడు ఓస్‌బెర్న్. “ఇదీ నాదే.”

“తర్వాత నా గదికొచ్చి చెప్పుకో.”

“సొంత తప్పు చెప్పుకునేవాణ్ణి ఆపకూడదు కదా తండ్రీ. సెర్రాల్బాలో కొట్టు తలుపుకి గడియ పెట్టింది నేను. లోపల ఆడవాళ్ళున్నారని తెలుసు. పెట్టమన్నారు, పెట్టాను. మొన్నా అంతే. గీకమన్నారు, గీకాను. అన్నవాళ్ళ పేరు ఎత్తకూడదు. ఎత్తను. శిక్షగా ఆ వాక్యం నాచేతే మళ్ళీ రాయించండి.”

ఎవరూ మఠాధిపతి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ ఒక్కసారే తలలు దించుకున్నారు. అన్ని చెవులు విన్న తర్వాత వద్దనడం కుదరదు.

“రాసుకో,” అన్నాడు గ్వాయ్‌ఫేర్, పళ్ళ సందునుంచి.

ఓస్‌బెర్న్ రాస్తుంటే రోఫ్రిద్ అతని భుజం మీదుగా ప్రతి అక్షరమూ కనిపెట్టి చూశాడు. ‘ఊరికి నిప్పంటుకుంది’ అని రాసి తప్పించుకుంటాడేమో. గీకిన తోలు మీద సిరా పాకి అక్షరాలు లావయ్యాయి. ‘ప్రభువు చెబితే మేం సెర్రాల్బాను తగలబెట్టాం. గడియ నేను పెట్టాను.’

ముసలాడు వెనక్కి తిరిగి, లోపల ఎవరున్నారని సైగ చేశాడు.

గడియ పెట్టిన చెయ్యి అక్క పేరు రాయడమా?

“కలం ఇటివ్వు,” అన్నాడు రోఫ్రిద్. రాతగదిలో నోరు విప్పడం అతనికిదే మొదలు. ఆల్త్రూద అని తనే రాశాడు. క్షమించానని అనలేదు. అవతలివాడూ అడగలేదు.

తర్వాత, ఆ పుటను మళ్ళీ ఎవరూ గీకకుండా, పీట తిప్పుకుని తలుపుకెదురుగా కూర్చున్నాడు. పండగ ఇంకా దూరంగానే ఉంది.