చదవరాని కట్ట

మా నాన్నకు మందుల షాపు ఉంది. నేను చరిత్ర చదవడం ఆయన దృష్టిలో మందు లేని జబ్బు. ఫార్మసీ కోర్సుకు మారే దరఖాస్తు తెచ్చి, అంతా తనే నింపి, కౌంటరు సొరుగులో పెట్టుకున్నాడు. నా సంతకం ఒక్కటే తక్కువ. సోమవారం ఆఖరు తేదీ.

"పాత కాగితాలు చదవడానికి కాలేజీ ఎందుకే? మన అటక మీద బోలెడున్నాయి," అంటాడు. నేను జవాబు చెప్పబోయేసరికి ఎవరో ఒకరు దగ్గుమందు కోసం వస్తారు. నా వాదన ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది.

శుక్రవారం మా క్లాసు పన్నెండు మందినీ పాత రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్స్‌కు తీసుకెళ్లారు. అక్కడి మేడం మాచేత చేతులు కడిగించి, పెన్నులు లాక్కుని, పెన్సిళ్లిచ్చింది. తలా ఒక పాత కాగితాల కట్ట. అందులో ఏముందో మూడు గంటల్లో ఒక పేజీ రాసివ్వాలి. బాగా రాసిన ఒక్కరికి అక్కడే వారానికి రెండు రోజుల పని. ఆ పని దొరికితే నాన్న నోరు మూయించవచ్చని నా ఆశ.

చేతులు మరీ శ్రద్ధగా కడుక్కుని చివర్లో వెళ్లాను. మిగిలిన కట్ట అట్ట మీద "చదవరాదు" అని రాసి ఉంది.

"అది వద్దులేమ్మా," మేడం నవ్వింది. "ఇద్దరు ప్రొఫెసర్లు తలలు పట్టుకుని వెళ్లిపోయారు. వేరేది ఇస్తాను."

"ఒక్కసారి చూస్తానండీ."

విప్పాను. అచ్చమైన కోడి కెలుకుడు. పక్కవాళ్లు జాలిగా చూశారు. నాకు మాత్రం ఇంటికి వచ్చినట్టుంది. చిన్నప్పుడు బడి అయ్యాక షాపులో కూర్చుని నేను చదివిందంతా ఇలాంటి రాతే. ఇది డాక్టరు రాత! ఊరంతా జ్వరాలొచ్చిన ఏడాది ఆయన రాసుకున్న డైరీ. ఎవరికి తగ్గింది, ఎవరు మందు పారబోసి తాగామని చెప్పారు, అన్నీ ఉన్నాయి. "మూలింటి పాప ఇవాళ లేచి కూర్చుంది" అన్న చోట నాకు కళ్లు చెమర్చాయి.

మొదటి నెల ఆఖరి రెండు వాక్యాలు మాత్రం కొరుకుడు పడలేదు. మేడంని అడిగి ఫొటో తీసి నాన్నకు పంపి, వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"ఎవరే ఈ డాక్టరు? ఏ ఆసుపత్రి?"

"పోయి వందేళ్లయింది నాన్నా. ఆర్కైవ్స్‌లో ఇచ్చిన కట్టలోది. ముందు చదువు."

"'నా రాత అర్థం కావడం లేదని మందులు కలిపేవాడు గొణుగుతున్నాడు. కళ్లు పెట్టి చూడమన్నాను.'" నాన్న గొంతు లేచింది. "చూశావా పొగరు! తప్పు మందిస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? వీళ్లు ఏ కాలంలోనైనా ఇంతే!"

వందేళ్ల కిందటి మనిషితో కాసేపు పోట్లాడి, చల్లబడ్డాడు.

"ఇంకా ఎన్ని పేజీలున్నాయి?"

"నాలుగు వందలు."

"ఆ మందులు కలిపేవాడు తిరిగి ఏమన్నాడో ఉందా?"

"చదివితేగా తెలిసేది."

ఫోన్ పెట్టేశాడు.

నా పేజీ మేడం నిలబడే రెండుసార్లు చదివింది. పాత అట్ట తీసేసి కొత్తది నా ముందు పెట్టింది. "దీని మీద ఏం రాయాలో నువ్వే రాయి. సోమవారం నుంచి పనిలోకి రా."

బయటికొస్తే గేటు దగ్గర నాన్న. పట్టపగలు షాపు మూసి రావడం నేనెప్పుడూ చూడలేదు. మడిచిన కాగితం చేతిలో పెట్టాడు.

"పాతకాలం మందుల గుర్తులు. మీ తాత నాకు నేర్పినవి. ఆ నాలుగు వందల పేజీలకీ పనికొస్తాయి."

నాన్న రాత ఆ డాక్టరు రాత కన్నా ఘోరం. అయినా పొల్లు పోకుండా చదివేశాను. చదివి, కాగితం వెనక్కి తిప్పాను. నా పేరుతో నింపిన ఫార్మసీ దరఖాస్తు.

"షాపులో వేరే కాగితం దొరకలేదు," అన్నాడు నాన్న, ఎటో చూస్తూ.